ఫ్లెక్సీ గుంత

సోమందేపల్లెలో మా పక్కింటి పంక్చర్ భాయి, ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాన్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఆ యేడు పెరట్లో గుంత తవ్వి, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ల ఫ్లెక్సీలు పరిచి, కోళ్లకని వాననీళ్లు పట్టాడు. ఆ తర్వాత మళ్లీ వాన లేదు. నీళ్లు రోజుకో వేలి మందం తగ్గుతుంటే, ఆయన ఫ్లెక్సీ అంతా తడిమి, అనుమానం వచ్చిన చోటల్లా ట్యూబు ముక్క అతికించేవాడు.

"యాడో చిల్లు ఉండాదన్నా. దొరికితే సాలు," అనేవాడు నాతో.

గుంత ఎండిపోయిన రోజు ఫ్లెక్సీ ఎత్తి, కింది మట్టికి అరచెయ్యి ఆనించాడు. చెమ్మ లేదు. మట్టి, పొయ్యిలో బూడిదలా వెచ్చగా ఉంది. ఆయన చాలాసేపు చెయ్యి తీయలేదు.

"చిల్లు లేదన్నా. నీళ్లన్నీ ఎండే తాగేసినాది," అన్నాడు. "చిల్లు ఉండింటే అతికిస్తాంటి కదన్నా."