కార్తీకంలో కనపడిన కళ్ళాలు

మా సోషల్ టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున సెల్లుకు కబురొచ్చింది. గుంటూరులో నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీ ముందు అప్పుడే మిరప బస్తాల లారీ దిగుతోంది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే హమాలీ ఒకాయన, "ఘాటెక్కువుంది, పక్కకు రామ్మా" అన్నాడు. ఘాటేనని తలూపాను. ఆవిడ ముందు మొదలుపెట్టిన అబద్ధాలు ఆవిడ పోయిన రోజున కూడా మానలేదు నేను.

మా ఊరికి పడమట అడవిలో ఒక కొండ ఉంది. పెద్ద ఎక్కుడేం కాదు. గొడ్లు తిరిగే బాట, రెండు పక్కలా సీతాఫలం పొదలు, గంట నడిస్తే పైన చదునైన బండ. ఆ బండ ఒక్కసారిగా తెగిపోతుంది. అంచు నుంచి చూస్తే మా ఊరు, చేలు, మైదానమంతా కాళ్ళ కింద ఉంటుంది. పదో తరగతి ఆడపిల్లల్ని ఏటా కార్తీకంలో ఆవిడ అక్కడికి తీసుకెళ్ళేవారు. మేము వనభోజనాలు అనుకునేవాళ్ళం. ఆదివారం చర్చి మానని మనిషి కాబట్టి శనివారం బయల్దేరదీసి, "నా మటుకు ఇది సోషల్ పాఠమే" అనేవారు.

అందరికంటే నిదానంగా నడిచే పిల్లను ముందు పెట్టేవారు. ఎవరైనా తొందరపడితే, "దాని నడకే మన నడక. ముందు పోయి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అని నోరు మూయించేవారు.

అంచు దగ్గర నిలబడనిచ్చేవారు కాదు. ఒక్కొక్కరం బోర్లా పడుకుని పాకుతూ పోవాలి. ఆవిడ వెనక చతికిలబడి మా చీలమండలు రెండూ గట్టిగా పట్టుకునేవారు. "పట్టుకోవడం నా పని, చూడడం నీ పని. నీ పని నువ్వు చెయ్యి."

నా వంతు వచ్చింది. తల అంచు దాటగానే గాలి మొహానికి కొట్టింది. కళ్ళు మూసేసుకున్నాను. ఇక తెరవలేదు.

"ఏం కనపడిందే?"

"కళ్ళాలు టీచర్. మిరపకాయలు ఎర్రగా ఆరబోసున్నాయి."

రైతు బిడ్డ అనాల్సిన మాటేనా? కార్తీకంలో మిరప ఇంకా పచ్చగా చేలోనే ఉంటుంది. కాయ కళ్ళానికి చేరాలంటే సంక్రాంతి దాటాలి. ఆవిడ నవ్వలేదు, మిగతా పిల్లలకు చెప్పలేదు. నన్ను మెల్లగా వెనక్కి లాగి, చెవి దగ్గర, "కళ్ళాలప్పుడు మళ్ళీ వద్దాంలే, మనిద్దరమే" అన్నారు.

ఆ మాఘంలో పరీక్షలన్నాను. తర్వాత కాలేజీ అన్నాను, ఆ తర్వాత ఉద్యోగమన్నాను. పదేళ్ళుగా ఎక్కడ ఎదురుపడినా ఆవిడ పలకరింపు ఒకటే: "ఏమే, కళ్ళాలు చూశావా?" మొన్న క్రిస్మస్‌కు వెళ్తే మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు.

"ఈ ఏడు పోదామే."

"ఈ కాళ్ళతోనా టీచర్?"

"నన్ను ముందు పెట్టు. నిదానంగా నడిచేవాళ్ళే కదా ముందు నడవాల్సింది, మర్చిపోయావా?"

"తప్పకుండా పోదాం టీచర్" అన్నాను. అదీ అబద్ధమే. నన్ను ఆపింది ఆవిడ కాళ్ళ మీద జాలి కాదు, ఆ అంచంటే నా భయం. ఆ మాట ఒక్కసారి నోరు విప్పి చెప్పుంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

బుధవారం మట్టి ఇచ్చి వచ్చాం. గురువారం పొద్దున ఒక్కదాన్నే కొండెక్కాను, ఆవిడ ముందు నడుస్తున్నట్టే నిదానంగా. బండ మీద బోర్లా పడుకుని పాకాను. ఈసారి కళ్ళు తెరిచాను.

ఊరి చుట్టూ కళ్ళాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎర్రగా. వాటి మధ్యలో చర్చి. దాని వెనక, నిన్న మేము పూడ్చిన చోట, నల్లరేగడి మట్టి ఇంకా ఆరలేదు.

"కనపడ్డాయి టీచర్" అన్నాను, పైకే.

వెనక్కి లాగేవాళ్ళు లేక చాలాసేపు అలాగే పడుకుని ఉండిపోయాను.