ఒనీటా దిద్దిన ఉత్తరం

టెల్మాంట్ కాలేజీ ఫుట్‌బాల్ ఆఫీసులో ఒనీటా ప్రూయిట్ ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. నేను అదే భవనంలో, కింద టికెట్ల గదిలో ఉండేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్ళం. అందుకే ఆమె సంగతి నాకు తెలిసినంత ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

మనిషి పొడుగు, ఎముకలు తేలిన ముఖం, నోరు మహా పదును. పెళ్ళి చేసుకోలేదు. తల్లితో కలిసి రైలు పట్టాల అవతల ఉండేది. ఏటా ఆగస్టులో జట్టులోంచి తీసేసిన కుర్రాళ్ళ పేర్లు తలుపు మీద అంటించేది ఆమే. ఏ కుర్రాడైనా అక్కడే నిలబడి ఏడిస్తే, "అట్లాంటా బస్సు రెండున్నరకి నాయనా. ఆ ఏడుపేదో బస్సులో కూర్చుని ఏడువు. ఇక్కడ నేల ఇప్పుడే తుడిచారు" అనేది. కోచ్ డ్వేన్ ల్యాష్లీ లోపలి గదిలోంచి విని నవ్వుకునేవాడు. అలాంటి మాట తన నోటితో అనలేడు గనక ఆ పని ఆమెకు అప్పగించాడు.

ల్యాష్లీ మా కాలేజీకి వచ్చి పంతొమ్మిదేళ్ళు. వచ్చిన ఏడాది ఒక్క ఆట తప్ప అన్నీ ఓడిపోయాడు. తర్వాత మెల్లగా జట్టును నిలబెట్టాడు. ఎవరి కుర్రాడు ఎదురైనా "మీ అమ్మ రోజాలిండ్ మోకాలు ఎలా ఉంది?" అని పేరుపెట్టి అడిగేవాడు. తల్లులు పొంగిపోయేవాళ్ళు. ఆ పేర్లన్నీ ఒనీటా చిన్న చీటీల మీద రాసి పొద్దున్నే ఆయన బల్ల మీద పెట్టేది.

నాలుగేళ్ళ కిందట అక్టోబరులో ఒనీటా తల్లి పోయింది. ఆ వారం పెద్ద ఆట ఉంది. కోచ్ రాలేదు. ఆమె ఇంటికి ఫోన్ చేసి, "ఒనీటా, మనం మామూలుగా పూలు ఎక్కడ తెప్పిస్తాం? ఆఫీసు తరఫున మీ అమ్మకి మంచివి పంపించు" అన్నాడు. తల్లి శవం పక్క గదిలో ఉండగా ఆమె పూలకొట్టుకి ఫోన్ చేసి, తెల్ల లిల్లీలు చెప్పి, తన దుఃఖంలో పాలుపంచుకుంటున్నామని తనకే ఒక కార్డు రాయించుకుంది. ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత కాలేజీ పెద్దలు మా జట్టును పై లీగుకి తీసుకువెళ్ళాలని నిశ్చయించారు. మైదానానికి పడమటి వైపు కొత్త గ్యాలరీ లేచింది. ఇకమీదట మా ఆటలు టీవీలో వస్తాయని మంగలి షాపులో కూడా అదే మాట. ఒనీటా అంత సంతోషంగా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. "ముప్ఫై ఏళ్ళుగా టెల్మాంట్ అంటే ఎక్కడుందని అడుగుతున్నారే. ఇక అడగరు" అంది.

పాత లీగులో అదే ఆఖరి ఏడాది. నవంబరులో నాకౌట్ ఆటలు మొదలయ్యాయి. మొదటిది గెలిచిన తర్వాతి సోమవారం క్రీడల డైరెక్టర్ ఫెనెల్ ఒనీటాను పిలిపించాడు. అతను రెండేళ్ళ కిందట ఏదో పెద్ద యూనివర్సిటీ నుంచి వచ్చినవాడు. మాటకు ముందు మనమంతా ఒక కుటుంబం అంటాడు.

"తలుపు వెయ్యండి మిస్ ఒనీటా" అన్నాడు. "పై లీగులో డ్వేన్ సరిపోడు. మంచివాడే. కానీ టీవీ ముందు నిలబెడితే పశువుల దాణా అమ్ముకునేవాడిలా ఉంటాడు."

"గెలుస్తున్నాడు కదండీ."

"గెలవనివ్వండి. ఎప్పుడు ఓడితే ఆ మర్నాడు చెబుతాం. ఈలోపల జట్టు చెదరకూడదు. హాస్కిన్ అని ముప్ఫై ఆరేళ్ళవాడు వస్తున్నాడు. గురువారం చూసిపోతాడు. హోటల్ గది మీ పేరు మీద తీసుకోండి."

అంటూ ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. ల్యాష్లీని తొలగిస్తున్నట్టు రాసిన ఉత్తరం. "ఒకసారి చూడండి. మీ చెయ్యి పడితే తప్పులుండవు. అన్నట్టు కొత్త ఏర్పాటులో మీకో గది ఉంటుంది, తలుపు మీద పేరుతో సహా."

ఒనీటా పెన్ను తీసి రెండు కామాలు సరిచేసింది. ల్యాష్లీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అదీ దిద్దింది.

ఆ రోజు సగం శాండ్‌విచ్ వదిలేసింది. పన్ను నొప్పి అని చెప్పింది. నాకు కూడా అప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. ఇదంతా చాలా తర్వాత చెప్పిందే.

రెండో ఆట కూడా గెలిచారు. సోమవారం కోచ్ భార్య జోలీన్ రంగు నమూనాల అట్టలు పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. కొత్త భవనంలో భర్త గదికి ఏ రంగు వేయిస్తే బాగుంటుందో ఒనీటానే చెప్పాలని కూర్చుంది. ఒనీటా అట్టలన్నీ తిప్పి చూసి, "ఈ లేతాకుపచ్చ పెట్టించండి, కళ్ళకి హాయి" అంది.

అదే వారం అలబామా నుంచి ఒక కాలేజీవాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళకు హెడ్ కోచ్ కావాలి. ల్యాష్లీ వస్తానంటే శుక్రవారంలోగా ఖాయం చేస్తామన్నారు. ఒనీటా ఆ కబురు చీటీ మీద రాసి పట్టుకెళ్ళింది. ఆయన చదివి చీటీ నలిపేశాడు. "రాడని చెప్పెయ్. జట్టును ఇక్కడిదాకా లాక్కొచ్చింది నేను, పైకి ఎక్కించేది కూడా నేనే. చచ్చినా ఇక్కడే."

ఒనీటా గుమ్మంలో కాసేపు నిలబడిందట. "ఇంకేమన్నా ఉందా?" అని ఆయన అడిగాడు. "లేదండీ" అంది. తన బల్ల దగ్గరికి వచ్చి అలబామాకి ఫోన్ చేసి, కోచ్ గారు రారని చెప్పింది.

మూడోది గెలిచి, సెమీఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చిన ల్యాష్లీని ఫెనెల్ పిలిపించి ఏడు నిమిషాల్లో ముగించేశాడు. ఆయన ఇంటికి వెళ్ళేసరికి ఆఫీసు తాళాలు మార్చేశారు.

సోమవారం పొద్దున సామాన్లు తీసుకోవడానికి ల్యాష్లీ వచ్చాడు. వెంట కాలేజీ కాపలాదారు. ఒకప్పుడు ఆయన దగ్గర ఆడినవాడే, తల ఎత్తలేకపోతున్నాడు. నేను టికెట్ల గది తాళంచెవి కోసం అప్పుడే పైకి వెళ్ళాను. ఒనీటా ఆయన వస్తువులన్నీ ముందే అట్టపెట్టెలో సర్ది బల్ల మీద పెట్టింది.

"నీకెప్పట్నుంచి తెలుసు ఒనీటా?"

"మొదటి ఆట గెలిచాక వచ్చిన సోమవారం నుంచి."

ఆయన లోపల లెక్క వేసుకున్నాడు. "అయితే అలబామా ఫోన్ వచ్చేనాటికి తెలుసు."

"తెలుసు."

"చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నారు."

"వాళ్ళ సంగతి కాదు. నువ్వెందుకు చెప్పలేదు?"

ఒనీటా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మా అమ్మ పేరేంటి కోచ్?"

ఆయన నోరు తెరిచాడు. ఎంతసేపటికీ పేరు రాలేదు.

"మీరు పంపిన పూలు నాకు నేనే తెప్పించుకున్నాను. కార్డు కూడా నేనే రాయించుకున్నాను."

"పూల కోసమా?" అన్నాడాయన, దాదాపు గొణుగుతున్నట్టు. "నా పొట్ట కొట్టింది పూల కోసమా?"

ఆయన పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఎవరినీ ఒక్క కటువైన మాట అనగా నేను వినలేదు.

"ఆదివారాలు నిన్ను భోజనానికి పిలుద్దామని జోలీన్ మొదట్నుంచీ అంటూనే ఉండేది. నేనే వద్దన్నాను. ఆ మొహం వారంలో ఆరు రోజులు చూస్తున్నాను, ఏడో రోజు కూడా చూడలేనన్నాను."

కాపలాదారు తలుపు పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఒనీటా కళ్ళద్దాలు పెట్టుకుని, మోగుతున్న ఫోన్ ఎత్తి, "టెల్మాంట్ ఫుట్‌బాల్" అంది.

హాస్కిన్ వచ్చిన రోజు బ్యాండు వాయించారు. వెంట పంతొమ్మిది మందిని తెచ్చుకున్నాడు, సొంత సెక్రటరీతో సహా. వారం తిరక్కుండా ఫెనెల్ ఒనీటాను మళ్ళీ పిలిచాడు.

"మీరు పాత కోచ్‌కి బాగా కావలసిన మనిషి. కొత్తవాళ్ళకి మీ మీద గురి కుదరడం కష్టం."

"కావలసిన మనిషినా? మీ మాట మూడు వారాలు కడుపులో దాచింది నేను కాదా?"

"అదే చెబుతున్నా. అంతకాలం పక్కన కూర్చోబెట్టుకున్నవాడి దగ్గరే అంత బాగా దాచారు. రేపు మా దగ్గర ఏం దాస్తారో అని వాళ్ళకి బెరుకు."

ఆమెను కార్ల పార్కింగ్ పర్మిట్లిచ్చే కిటికీ దగ్గర వేశారు. బాయిలర్ గది పక్కన ఉంటుంది అది.

జోలీన్ సంగతంతా ఊరికి చెప్పేసింది. చర్చిలో ఒనీటా కూర్చునే బల్ల మీద మిగతావాళ్ళు కూర్చోవడం మానేశారు. ల్యాష్లీకి కాలేజీల్లో ఎక్కడా పని దొరకలేదు. డిసెంబరుకల్లా అందరూ కోచ్‌లను పెట్టేసుకున్నారు. దూరంగా ఒక హైస్కూలులో పిల్లలకి కారు నడపడం నేర్పే పని దొరికింది.

జనవరిలో ఒక శనివారం ఒనీటా ల్యాష్లీ వాళ్ళింటికి వెళ్ళింది. వద్దే అని నేనంటే వినలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టి ఉంది. జోలీన్ తలుపు తీసి, ఒక క్షణం చూసి, "డ్వేన్ లేడు. రా" అంది. వంటింట్లోకి తీసుకెళ్ళి పాత పేపర్ల కట్ట చేతికిచ్చింది. ఒనీటా సాయంత్రం దాకా పళ్ళేలూ గ్లాసులూ ఒక్కొక్కటే పేపర్లో చుట్టి పెట్టెల్లో సర్దింది. మధ్యలో జోలీన్ ఒక కప్పు కాఫీ కూడా ఇచ్చింది. ఇద్దరూ గిన్నెల గురించే మాట్లాడుకున్నారు. క్షమించేసిందనే ఒనీటా అనుకుంది. చివరి పెట్టెకి టేపు వేశాక కోటు తొడుక్కుంటూ, "జోలీన్, నేను..." అని మొదలుపెట్టింది.

"మనిషి దొరక్క చేయించుకున్నాను" అంది జోలీన్. "ఇంకెప్పుడూ మా గడప తొక్కకు."

పై లీగులో మొదటి ఏడాది మావాళ్ళు ఒక్క ఆట కూడా గెలవలేదు. రెండో ఏడాది రెండు గెలిచారు. అది చూసే హాస్కిన్‌ను ఇంకా పెద్ద కాలేజీవాళ్ళు ఎగరేసుకుపోయారు. వెనకే ఫెనెల్ కూడా వెళ్ళాడు.

నేను నిరుడు రిటైరయ్యాను. నువ్వు కూడా మానెయ్యరాదా అని ఒనీటాను అడిగాను. పర్మిట్ల మీద నంబర్లు వేసుకుంటూ, "ఇంట్లో ఎవరున్నారే?" అంది.