తగ్గించినవాడికి సాక్ష్యం లేదు

మా తోడల్లుడు తాగుడు ఒక్క రోజులో మానేశాడు. నేను నాలుగేళ్లు తంటాలు పడి, వారానికి ఒక్కసారి అనే దగ్గర ఆగిపోయాను. ఈ తేడా చూసుకుని నేను పడిన ఏడుపు ఇంతా అంతా కాదు. దాన్ని ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి నాకేమీ సిగ్గు లేదు, ఆ రోజుల్లో అంతకంటే సిగ్గుపడాల్సిన పనులు చాలానే చేశాను.

ఎనభైల మొదట్లో సంగతి. నేను విస్సన్నపేట దగ్గర ఒక పల్లెలో బడిపంతులిని. అతను మామిడి తోటల్లో కాయకోత మేస్త్రీ. అక్కచెల్లెళ్లను చేసుకున్నాం. పక్క పక్క వీధుల్లో ఉండేవాళ్లం, ఒకే చర్చికి వెళ్లేవాళ్లం, ఒకే సారాకొట్టుకి వెళ్లేవాళ్లం. నాకన్నా ఆరేళ్లు చిన్న, నన్ను 'అన్నయ్యా' అనేవాడు. బడి వదిలాక నేను సైకిలు మీద, కోత ముగిశాక అతను కాలినడకన, మైలవరం రోడ్డు పక్కన ఆ కొట్టు తాటాకు పందిరి కింద కలుసుకునేవాళ్లం. పచ్చి మామిడికాయ ముక్కలకి ఉప్పూ కారం అద్దుకుని నంజుకునేవాళ్లం. అతను గబగబా తాగి లేచేవాడు, నేను నిదానంగా ఎక్కువసేపు కూర్చునేవాడిని. ఇంటికి వచ్చేటప్పుడు వాసన తెలియకుండా జామాకు నమిలేవాడిని, పంతులిని కదా. నా దగ్గర జామాకు వాసన వచ్చిందంటే తాగొచ్చానని అర్థమని ఊళ్లో పిల్లలందరికీ తెలుసట, ఆ ముక్క నాకు చాలా ఏళ్ల తరువాత ఎవరో చెప్పారు.

తాగుతున్నన్నాళ్లూ మా ఇద్దరి మధ్య ఒక్క పొరపొచ్చం రాలేదు. అతను మానేశాక మొదలైంది నా బాధ.

ఒక ఏడాది ఏప్రిల్‌లో మైలవరంలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. మా ఆవిడా, మరదలూ ఇద్దరూ మమ్మల్ని రమ్మని పట్టుబట్టారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని చెప్పి తప్పించుకున్నాను. అతనికి దిద్దడానికి ఏ పేపర్లూ లేవు, వెళ్లాడు. రెండో రోజు ప్రసంగం అయ్యాక, జీవితం మార్చుకోదలచినవాళ్లు ముందుకు రమ్మంటే లేచి వెళ్లి మోకరించాడట. ఆ మర్నాటి నుంచి చుక్క ముట్టలేదు. అదీ కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో. తోట కోత పూర్తయిన సాయంత్రం ఆసామి అందరికీ సారా పోయించడం మా వైపు మామూలు, మొదటి గ్లాసు మేస్త్రీకి ఇస్తారు. అతను ఆ గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా చెట్టు మొదట్లో పోసేశాడని మా ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని చెప్పింది. నాకు మాత్రం ఆ గ్లాసు మీద జాలి కలిగింది. అప్పటికింకా అతని మీద అసూయ పుట్టలేదు, నాలుగు రోజుల్లో మళ్లీ పందిరి కిందికి వస్తాడులే అనుకున్నాను.

రాలేదు. పైగా సాక్ష్యాలు చెప్పడం మొదలుపెట్టాడు.

మా చర్చిల్లో జీవితం మారినవాళ్లు అందరి ముందూ నిలబడి, ఒకప్పుడు ఎలా ఉండేవాళ్లో, దేవుడు ఎలా మార్చాడో చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటాం. నాలుగో తరగతి దాటని మా తోడల్లుడు మైకు ముందు నిలబడితే చీమ చిటుక్కుమనేది కాదు. మొదట మా చర్చిలో చెప్పాడు. ఆ తరువాత విస్సన్నపేట వాళ్లు పిలిచారు, జి. కొండూరు వాళ్లు పిలిచి శాలువా కప్పారు. ఇరవై ఏళ్లుగా రోజూ అయిదు గంటలు నిలబడి మాట్లాడుతున్న నాకు ఎవరూ చేతిరుమాలు కూడా కప్పలేదు. శాలువా భుజం మీద వేసుకుని తిన్నగా మా ఇంటికే వచ్చాడు, మా ఆవిడ దాన్ని చేత్తో తడిమి చూసి మురిసిపోయింది.

"మా మరిది మొహంలో కళ చూశారా అండీ?" అనేది రోజుకి రెండుసార్లు. అతను వస్తే నా చేతుల కుర్చీ వేసేది. చేపలపులుసులో మంచి ముక్క అతని కోసం తీసి పక్కన పెట్టేది. చిన్నరసాల బుట్ట ఇంటికి వస్తే, పండిన మొదటి కాయలు చెల్లెలింటికి పంపేది. కళ్లెదురుగా ఇదంతా జరుగుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. నిన్న మొన్నటిదాకా నా పక్కన కూర్చుని తూలినవాడు, వాడికి నా కుర్చీ ఏమిటి? వాడు మళ్లీ తాగితే బాగుండునని ప్రార్థన చేసుకున్న రోజులు ఉన్నాయి. మోకాళ్ల మీద, కళ్లు మూసుకుని మరీ చేశాను.

నాకు కావలసింది శాలువా కాదు. మా ఆవిడ నోటి వెంట నా గురించి అలాంటి మాట ఒక్కటి రావాలి. పెళ్లయిన పదేళ్లలో ఆవిడ నన్ను తిట్టలేదు, పొగడలేదు, వరండాలో కూర్చుని నా సైకిలు చప్పుడు కోసం చూస్తూ ఉండేది, అంతే. ఆ చూపు మారితే చాలనిపించేది.

అందుకని నేనూ మానేశాను. మూడు రోజులు. మూడో రోజు బోర్డు మీద లెక్క వేయబోతే చెయ్యి వణికి సుద్దముక్క విరిగింది. ఇంకోటి తీసుకుంటే అదీ విరిగింది. చొక్కా అంతా చెమట. ఊళ్లో ఆరెంపీ డాక్టరు నాడి చూసి, "ఒక్కసారిగా అందరి వల్లా కాదు మాస్టారూ, మెల్లమెల్లగా తగ్గించుకోండి" అన్నాడు. మరి మా తోడల్లుడి వల్ల ఎలా అయిందని అడిగాను. "ఆయన సంగతి వేరండీ" అన్నాడు. డాక్టరు కూడా వాడి వైపే.

పంతులిని కాబట్టి టైంటేబుల్ వేసుకున్నాను. మొదటి ఏడాది ఆదివారం సెలవు. తరువాత సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే. ఆ తరువాత బుధ, శని. కొట్టు కంటబడకుండా తోటల మధ్య బండిదారి పట్టుకుని రెండు మైళ్లు చుట్టు తిరిగి ఇంటికి వచ్చేవాడిని. నాలుక పీకినప్పుడల్లా బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడిని. అతను మానేసి నున్నగా నిగనిగలాడాడు, నాకు పళ్లు పుచ్చిపోయాయి, ముక్కు మీద కోపం వచ్చింది. నాలుగో ఏటికి వారానికి ఒక్క శనివారం, రెండు గ్లాసులు. ఎంత కష్టపడి అక్కడికి చేరానో నాకు తెలుసు. ఇంకెవరికీ పట్టలేదు.

ఒకరోజు ఉండబట్టలేక మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. "రోజూ తాగేవాడిని, ఇప్పుడు వారానికి ఒక్కరోజే. చూశావా?"

"చూశానండీ" అంది చేట ఆపకుండా. "మంచిదే. మానేసినప్పుడు చెప్పండి."

ఆ మాటతో నాకు పట్టుదల పెరిగింది. నేరుగా మా చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్లి, నేనూ సాక్ష్యం చెబుతానన్నాను. ఆయన సంతోషంగా చెయ్యి పట్టుకుని, "ఎప్పటి నుంచి మానేశారు మాస్టారూ?" అన్నారు. మానలేదు, తగ్గించానన్నాను. ఆయన చెయ్యి వదిలేశారు.

"తగ్గించడానికి సాక్ష్యం ఎక్కడుందండీ? రేపు ఇంకొకడు లేచి, నేను రెండు దొంగతనాలు చేసేవాణ్ని, ఇప్పుడు ఒకటే చేస్తున్నానంటాడు. పూర్తిగా అవనివ్వండి."

నేను వదల్లేదు. వారం వారం ఆయన వెంటపడ్డాను. నాలుగేళ్లు సగం సగం చచ్చినవాడికి రెండు నిమిషాలు ఇవ్వరా అని పోట్లాడాను. చివరికి విసుగెత్తి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూటంలో కృతజ్ఞతగా రెండు మాటలు చెప్పుకోమన్నారు. అదే కూటంలో మా తోడల్లుడి సాక్ష్యం కూడా ఉందని తరువాత తెలిసింది. అతని తరువాత నేను. అయినా సరే అనుకున్నాను. నాలుగు పేజీలు రాసుకుని, బట్టీపట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మా ఆవిడ ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

మా తోడల్లుడు లేచాడు. ఎప్పుడూ చెప్పేదే చెబుతాడని నేను నా కాగితాలు చూసుకుంటున్నాను.

"ఇది ఇప్పటిదాకా ఏ చర్చిలోనూ చెప్పలేదండీ" అన్నాడు. "కూటాలకి వెళ్లడానికి ముందు ఏడాది సంగతి. మే నెల, మిట్టమధ్యాహ్నం. నేను సారాకొట్టు వెనక వైపు కూర్చుని ఉన్నాను. ముందు వైపు చెట్టు కింద ఒక పసిపిల్ల కూర్చుని మామిడిపండు తింటోంది. ఆ పిల్లని తీసుకొచ్చినాయన తాగాడు, లేచాడు, పిల్ల సంగతి మరిచిపోయి సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను చూశానండీ. కేకేస్తే వినబడే దూరమే. కానీ నా గ్లాసు అప్పుడే నింపారు. అది తాగి లేద్దామనుకున్నాను. తాగాక ఇంకోటి పోయించుకున్నాను. ఆ పిల్ల అక్కడే ఉంది. నాకు తెలుసు. తెలిసీ ఇంకోటి పోయించుకున్నాను."

నేను కాగితాల మీంచి తలెత్తాను. ఆ సైకిలు నాది. ఆ పిల్ల నా కూతురు.

అప్పుడు దానికి నాలుగేళ్లు. పళ్ల కోసం తోటకి తీసుకెళ్లి, వస్తూ వస్తూ, "ఇక్కడే కూర్చోమ్మా, ఇప్పుడే వచ్చేస్తా" అని చేతికి ఒక పండిచ్చి పందిట్లోకి వెళ్లాను. బయటికి వచ్చాక వెనక క్యారేజీకి కట్టిన పళ్ల బుట్ట పదిలంగా ఉందో లేదో చూసుకున్నాను. బుట్టతో ఇంటికి వెళ్లి పడుకున్నాను. మా ఆవిడ ఆ రోజు పుట్టింట్లో ఉంది. పొద్దు వాలుతుండగా మా తోడల్లుడు పిల్లని ఎత్తుకుని వచ్చి నన్ను లేపాడు. మోచేతుల దాకా మామిడి రసం ఎండిపోయి ఉంది, ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. తోట నుంచి వస్తూ దారిలో చూసి తెచ్చాడనుకున్నాను. అతను ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆవిడ వచ్చేలోపు పిల్లకి స్నానం చేయించాను.

చర్చిలో ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. అతను ఆ తండ్రి ఎవరో చెప్పలేదు. నేను దొరికిపోలేదు. దేవుడికి స్తోత్రం చెప్పుకోవాల్సింది పోయి, ఇక్కడ కూడా నాకు కడుపు మండింది. పిల్లని వదిలేసింది నేను, అంతకంటే పెద్ద పాపం ఎవరు చేశారు? దానికి కూడా కన్నీళ్లు వాడికే. మా ఆవిడ వాడి కోసం వెక్కివెక్కి ఏడుస్తోంది. నా తప్పుని కూడా నాకు మిగల్చలేదనిపించింది. ఇంత నీచంగా ఆలోచించానని ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, కానీ ఆ క్షణంలో నాకు తట్టింది అదే.

అయ్యగారు నన్ను పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లాను. ఏడు రోజుల నుంచి ఒక్క రోజుకి వచ్చానని చెప్పడానికి నోరు తెరిచాను. ముందు వరసలో మా అమ్మాయి లేచి కూర్చుని నన్నే చూస్తోంది. "దేవుడికి స్తోత్రం" అని వచ్చి నా చోట కూర్చున్నాను.

కూటం అయ్యాక మెట్ల దగ్గర మా తోడల్లుడు నా పక్కకి వచ్చాడు. "నాది మాత్రమే చెప్పానన్నయ్యా" అన్నాడు నెమ్మదిగా. "మీది చెప్పలేదు." నేను అతని మొహం చూడకుండా దిగిపోయాను.

ఇంటికి నడుస్తున్నాం. పిల్ల ముందు గెంతుకుంటూ పోతోంది. మా ఆవిడ కళ్లు ఇంకా ఆరలేదు. "మా మరిది అంత బాధ కడుపులో ఎలా దాచుకున్నాడో పాపం" అంది. కాస్త దూరం నడిచి, "అసలు కన్నబిడ్డని అలా వదిలేసి పోయినవాడు మనిషేనా అండీ?" అంది. నా వైపు తిరిగింది. "ఇంతకీ మీరేం చెబుదామని లేచారు?"

"ఆ పిల్ల మన పిల్లే" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. ముందు పోతున్న పిల్ల వైపు చూసింది. తిడుతుందని, కొడుతుందని, రోడ్డు మీద కూలబడి ఏడుస్తుందని ఎదురుచూశాను. అన్నింటికీ సిద్ధపడే ఉన్నాను.

"ఎంతసేపు కూర్చుంది?" అంది.

"తెలీదు" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఆవిడ కొంగు బిగించుకుని, వెనక్కి తిరిగి, మా తోడల్లుణ్ణి అడగడానికి చర్చి వైపు నడిచింది.