చుక్కకు పెట్టిన ఉలవలు

శౌరయ్యగారు గుర్రాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను నోరు వెళ్లబెట్టి నిలబడిపోయాను. గుర్రమా అది! పక్కటెముకలు సందు చివరి నుంచే లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. ముందు కాలు ఒకటి వాచిపోయి, ట్రక్కు ఆటోలోంచి దిగడానికే పావుగంట పట్టింది. నుదుటి మీద తెల్లచుక్క ఒక్కటే చూడముచ్చటగా ఉంది. దాంతో చుక్క అనే పేరు పెట్టారు.

భవానీపురంలో మా కర్రీ పాయింట్ వెనక గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. ముప్ఫై ఏళ్లు ఆటోనగర్‌లో లారీలకు కమాను కట్టలు బిగించిన మనిషి ఆయన. మాట తక్కువ. చిన్నప్పుడు వాళ్ల నాన్న వన్‌టౌన్‌లో జట్కా తోలేవాడట. ఆటోలొచ్చి బేరాలు పోయాక, గడ్డి కొనలేక, ఆ గుర్రం వీళ్ల గుమ్మం ముందే పడి చచ్చిపోయిందట. అప్పటికి ఈయనకు తొమ్మిదేళ్లు. అరవై దాటాక, ఎవరో పెళ్లిళ్ల బ్యాండు వాళ్లు షెడ్డు వెనక కట్టేసి వదిలేసిన ఈ గుర్రం కంటబడింది. అడిగి తెచ్చేసుకున్నారు. ఆయన భార్య మార్తమ్మ వదిన ఒక్క మాటా అనలేదు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

పశువుల డాక్టరు సింధూరి వచ్చి చూసింది. కాలు తగ్గేదాకా ఆరు వారాలు లాయంలోంచి కదలనివ్వొద్దంది. లాయమంటే ఏముంది, పైన రేకులు, కింద ఇసుక. ఇక తిండి సంగతి వినండి. ఎండబెట్టిన పిల్లిపెసర మేత, ఎండు గడ్డి, అదీ రెండు గంటలకోసారి కాస్త కాస్త. దాణా అసలే వద్దట.

"అదేంటండీ డాక్టరుగారూ! ఎముకలు తేలిపోయిన దానికి గడ్డిపోచలు పెట్టమంటారా?" అన్నాను, ఉండబట్టలేక.

"చాలాకాలం పస్తులున్న ఒళ్లమ్మా. పైగా ఇప్పుడు నడకా లేదు, పనీ లేదు. ఒక్కసారిగా బలమైన తిండి పెడితే లోపల విషమైపోతుంది. మెల్లగానే తేరుకోవాలి."

నాకు ఒళ్లు మండింది. పామర్రు దగ్గర రైతు బిడ్డను నేను. మా నాన్న హనుమయ్య బండలాగుడు పోటీలకు గిత్తల్ని మేపిన మనిషి. ఉడికించిన ఉలవలు పెడితే నెల తిరిగేసరికి గిత్త నిగనిగలాడేది. నిన్నగాక మొన్న చదువైన పిల్ల నాకు చెప్పొచ్చిందా!

శౌరయ్యగారికి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "అన్నయ్యగారూ, గుప్పెడు ఉలవలు వేయండి. పాపం, అలా మాడ్చకండి."

"వద్దు చెల్లెమ్మా. డాక్టరమ్మ వద్దంది," అన్నారు. అంతే. ప్రతి ఆదివారం చర్చిలో పూజకు వెళ్లొచ్చి, మార్తమ్మ వదిన కుట్టుమిషను టేపు తీసి, గుర్రం ఛాతీ చుట్టూ కొలిచి, గోడ మీద సుద్దతో అంకె వేసుకునేవారు.

మా కర్రీ పాయింట్‌లో ఉలవచారుకు పేరు. రోజూ పెద్ద గిన్నెడు ఉలవలు ఉడికించి, ఆ నీళ్లు వంచి చారు కాస్తాను. మిగిలిన ఉలవలు మా వైపు ఎప్పుడూ పశువులకే పెడతారు. అన్నాళ్లూ ఒక గేదెలాయన పట్టుకెళ్లేవాడు. ఇక రావొద్దన్నాను. మధ్యాహ్నం మూడింటికి శౌరయ్యగారు కునుకు తీస్తారు, మార్తమ్మ వదిన మిషను మీద ఉంటుంది. ఆ వేళకు బకెట్టు పట్టుకుని వెనక సందులోంచి వెళ్లేదాన్ని. మొదటి రోజు దోసెడు పెట్టాను. రెండో వారానికి సగం బకెట్టు. చుక్క బకెట్టు అడుగు నాకి, నా అరచెయ్యి కూడా నాకేది. నా కడుపు నిండిపోయేది.

గోడ మీద అంకెలు గబగబా పెరిగాయి. "గడ్డితోనే ఎలా తేరుకుందో చూశారా చెల్లెమ్మా!" అని మురిసిపోయేవారాయన. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఆ అంకెలు విని డాక్టరమ్మకే అనుమానమొచ్చి ఫోన్లో అడిగింది, ఇంకేమైనా పెడుతున్నారా అని. "మరియమ్మతల్లి మీద ఒట్టు డాక్టరుగారూ, గడ్డి తప్ప ఇంకేం లేదు," అన్నారు శౌరయ్యగారు. నేను గోడకివతల కూర తాలింపు వేస్తూ విన్నాను. విని కూడా మాట్లాడలేదు.

ఉలవలు మొదలుపెట్టిన పద్దెనిమిదో రోజు మూడింటికి బకెట్టుతో వెళ్లేసరికి లాయం ముందు డాక్టరమ్మ స్కూటరు ఉంది. చుక్క ముందు కాళ్లు రెండూ ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి, ఒళ్లంతా చెమటతో వణికిపోతోంది. ఒక్క అడుగు కదలడం లేదు. శౌరయ్యగారు దాని గిట్టలు పట్టుకుని "కాలిపోతున్నాయండీ, కాలిపోతున్నాయి," అంటున్నారు. డాక్టరమ్మ పుల్లతో పేడ కెలికి తలెత్తింది.

"ఇవి ఉలవ తొక్కలండీ. బాగా ఎక్కువే తిన్నది. అరక్క విషమై గిట్టల్లోకి దిగింది. ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండీ," అన్నారాయన.

వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అదే అనుకున్నాను. అడుగు వేశానో లేదో, బకెట్టు పిడి టక్కుమంది. అంత బాధలోనూ చుక్క చెవులు నిక్కించి, తల నా వైపు తిప్పి, సన్నగా సకిలించింది. ఉలవల కోసం పిలిచింది.

ఇద్దరూ నన్ను చూశారు. తర్వాత బకెట్టును చూశారు.

శౌరయ్యగారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆకలితో చచ్చిన గుర్రాన్ని చూశాను చెల్లెమ్మా," అన్నారు, మెల్లగా. "ఇది తిండితో చస్తే నేను చూడలేను. నేను మరియమ్మతల్లి మీద ఒట్టేశాను." బకెట్టు కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

మూడు రోజులు గడిస్తే గానీ చెప్పలేనంది డాక్టరమ్మ. మందులిచ్చింది, గిట్టలు ఐసు నీళ్లలోంచి తీయొద్దంది. ఆ మూడు రోజులూ కర్రీ పాయింట్ మూసేశాను. చేపల మార్కెట్టు నుంచి ఐసు తెచ్చి, ఆ బకెట్టుతోనే మోశాను. శౌరయ్యగారు తొట్లలో నీళ్లు మారుస్తూనే ఉన్నారు. తిట్టండన్నయ్యగారూ అని నేను ఏడ్చినా నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున చుక్క ఒక గిట్ట ఎత్తి, ఒక్క అడుగు పక్కకు వేసింది. డాక్టరమ్మ గిట్ట పట్టి చూసి, గండం గడిచిందంది. ఇంకెప్పుడూ ఊరేగింపులకు పనికిరాదని కూడా చెప్పింది. శౌరయ్యగారు గోడ మీద అంకెలన్నీ అరచేత్తో చెరిపేశారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"మూడింటి గడ్డి మీరు వేయండి," అన్నారు. "ఆ వేళకు అది మీ కోసమే చూస్తోంది."

మూడింటికి వెళ్లాను. నానబెట్టిన పిల్లిపెసర నాలుగు గుప్పిళ్లు, ఆయన కొలిచిచ్చినంతే. చుక్క గడ్డి ముట్టుకోలేదు. ముందు నా అరచేతిలో మూతి పెట్టి వెతికింది. ఖాళీ చేతిని చాలాసేపు నాకింది. నేను ఏడుస్తూ చెయ్యి అలాగే ఉంచాను. చివరికి తల దించి గడ్డి తినడం మొదలుపెట్టింది.