క్లచ్ కేబుల్ మార్చిన మర్నాడు

నాకు చేతులు ఊరికే ఉండవు. కుళాయి కారితే ప్లంబర్ని పిలవను, మిక్సీ ఆగితే కొట్టుకు పంపను. నేనే విప్పుతాను. విప్పినవాటిలో సగం బాగుపడతాయి. మిగతా సగం గురించి మా ఆవిడ చుట్టాలకు కథలుగా చెబుతుంది. ఇబ్రహీంపట్నంలో అద్దెకున్న రోజుల్లో ఆ కథల్లోకి కారు కూడా చేరింది. ఆ కథ మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు, అందుకని నేనే చెబుతున్నాను.

అది సాగర్ రోడ్డు మీద భూములకు రెక్కలొచ్చిన కాలం. నిన్న కంది చేను ఉన్నచోట ఇవాళ రంగురంగుల జెండాలు, హద్దురాళ్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను ఆ జెండాల మధ్య నిలబడి జనానికి ప్లాట్లు చూపించే ఉద్యోగంలో ఉన్నాను. ఆవిడ శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసేది. ఇంటి ఓనరు కింద వాటాలో, మేం పైన. ఆయనకు అరవై దాటాయి. రెండెకరాలు అమ్మి ఇల్లు కట్టి, ఒక పాత చిన్న కారు కొన్నాడు. ఇంకో ఎకరం అమ్మాక పెద్ద జీపు తెచ్చుకుని చిన్నదాన్ని మాకు అమ్మేశాడు. మేం మా అలవాటు కొద్దీ బాబాయ్‌గారూ అని పిలిచేవాళ్లం. "గారు గీరు ఎందుకు సారూ, బాబాయ్ అంటె సాలదా" అని నవ్వేవాడు.

పొద్దున్నే ఆవిడను కాలేజీ దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం నా వంతు. పొద్దున బాగానే జరిగేది. సాయంత్రాలే చిక్కు. ఏ కస్టమరో ఆఖరి నిమిషంలో తూర్పు ఫేసింగ్ ప్లాటు ఇంకోసారి చూస్తాననేవాడు. ఆవిడ కాలేజీ గేటు దగ్గర గంటసేపు నిలబడేది. ఒకరోజు వానలో అలా నిలబడి తడిసి వచ్చి, తల తుడుచుకుంటూ, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను" అంది. మర్నాడే వెళ్లి ఎల్లెల్లార్, అదే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తెచ్చుకుంది.

నేర్పించడం మొదలుపెట్టింది నేనే. రెండు రోజుల్లో నా అరుపులకు విసిగిపోయి, "మీ దగ్గర నేర్చుకుంటే నాకు కారంటేనే అసహ్యం పుడుతుంది" అని దిగిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు బాబాయ్‌గారు నేర్పించాడు. ఇళ్లింకా కట్టని వెంచర్లలో నున్నటి రోడ్లుండేవి. వాటిమీద ఆయన పక్క సీట్లో కూర్చుని, "జర మెల్లగ బిడ్డా, ఫికర్ జెయ్యకు, బండి నీదే, రోడ్డు నీదే" అంటుంటే, మూడు నెలల్లో ఆవిడ నాకంటే శుభ్రంగా రివర్సు చేయడం నేర్చుకుంది. అది చూసి నేను మెచ్చుకున్నాను కూడా. కానీ లైసెన్సు పరీక్ష తేదీ దగ్గర పడేసరికి నాకేదో పని తగిలేది. ఒకసారి బెజవాడ నుంచి పార్టీ వస్తోందన్నాను. ఇంకోసారి అమావాస్య అన్నాను. నాకు అమావాస్య పట్టింపు లేదని ఆవిడకు తెలుసు. ఎల్లెల్లార్ ఆరు నెలల గడువు ఆ బుధవారంతో అయిపోతుందనగా, సోమవారం పది గంటలకు మన్నెగూడ ఆర్టీఓ ఆఫీసులో పరీక్ష ఖాయమైంది. అది తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆవిడ కాలేజీకి సెలవు పెట్టింది.

ఆదివారం పొద్దున, "క్లచ్ మరీ బిగుసుకుపోయింది, కాలు నొప్పెడుతోంది, రేపు ట్రాక్ మీద ఆగిపోతుందేమో" అంది. మెకానిక్‌కు ఆదివారం సెలవు. నా చేతులకు ఇంతకంటే ఏం కావాలి! చౌరస్తా దగ్గర షాపులో కొత్త కేబుల్ కొనుక్కొచ్చి, సీటు వెనక్కి జరిపి, తల పెడళ్ల దగ్గర, కాళ్లు తలుపు బయట పెట్టి పడుకున్నాను. పాత కేబుల్ కొక్కెం పెడల్ నుంచి ఊడదీయడానికే గంట పట్టింది. భుజం, మోచెయ్యి, నుదురు డాష్‌బోర్డు అడుగున ఎన్నిసార్లు కొట్టుకున్నాయో లెక్కలేదు. మొత్తానికి సాయంత్రానికి క్లచ్ వెన్నలా దిగింది. ఆవిడ వచ్చి ఒకసారి తొక్కి చూసి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అంది. నేను పొంగిపోయి స్నానానికి వెళ్లాను. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలన్న ఇంగితం ఇద్దరికీ కలగలేదు. ఆవిడకు కలగకపోవడంలో తప్పులేదు.

సోమవారం ఎనిమిదింటికి తాళం తిప్పాను. ఇంజన్ గరగరా తిరిగింది కానీ అంటుకోలేదు. మళ్లీ తిప్పాను. అదే వరస. ఆవిడ కొత్త చుడీదార్ వేసుకుని, కాగితాల ఫైలు గుండెకు ఆనించుకుని, మెట్ల మీద నిలబడింది.

"క్లచ్ కేబుల్‌కీ స్టార్ట్ అవడానికీ సంబంధం ఏముంది?" అంది.

"ఏమీ లేదు. అందుకే నువ్వు కాసేపు మాట్లాడకు" అన్నాను.

బానెట్ ఎత్తాను. పెట్రోలు వస్తోందా అని పైపు పీకి చూశాను, వస్తోంది. ప్లగ్గు ఒకటి విప్పి, వైరుకే ఉంచి, ఇంజన్ ఇనుముకు ఆనించి పట్టుకుని ఆవిడను తాళం తిప్పమన్నాను. నిప్పురవ్వ లేదు. రెండోది చూశాను, మూడోది చూశాను, లేదు. అంటే కరెంటు అందడం లేదు. కాయిల్ వైర్లు పీకి గీకి మళ్లీ పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి బనియన్‌తో తుడిచాను. ఫ్యూజులు ఒక్కొక్కటే ఎండకేసి చూశాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు, ముట్టుకున్న ప్రతిదీ అనుమానంగా కనిపించి ఇంకోటి విప్పించింది. తాళం తిప్పిన ప్రతిసారీ బ్యాటరీ గొంతు కాస్త కాస్త తగ్గుతోంది. వాచీ చూస్తే తొమ్మిది. కాలు కాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతున్నాను.

అప్పుడు ఆవిడ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పండి. కావాలనే చేశారా?"

ఒంటికాలి మీద లేచాను. నిన్నంతా నడుం విరిగేలా పడుకున్నది ఎవరి కోసం అన్నాను. చేసినవాడికి ఇదా ఫలితం అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ గేటు దాటి రోడ్డు మీదకు వెళ్లి నిలబడింది. నేను కావాలని చెయ్యలేదు. ఈ మాట ఇప్పుడు కూడా ప్రమాణం చేసి చెప్పగలను. అయితే ఎనిమిదింటికి మొదటిసారి ఇంజన్ అంటుకోనప్పుడు, చిరాకు కంటే ముందు ఒక చిన్న తేలిక నా ఒంట్లో తిరిగింది. అది ఆవిడకు కనిపించిందేమోనని భయం వేసి అంత గట్టిగా అరిచాను.

తొమ్మిదీ పదికి బాబాయ్‌గారు పొలం నుంచి వచ్చాడు. చెప్పులకు బురద. బానెట్ లోపలికి ఒకసారి తొంగిచూశాడు.

"ఏమైంది సారూ?"

"కరెంటు రావట్లేదు బాబాయ్‌గారూ. ప్లగ్గులో రవ్వ లేదు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "డాష్ కింద స్విచ్చు జూసినవా?"

"ఏం స్విచ్చు?"

"దొంగల భయానికి పెట్టించిన. గది బంజేస్తె బండి తిరుగుతది గానీ అంటుకోదు. పెట్టించిన గానీ ఎన్నడు వాడలె, అందుకె నీకు చెప్పుడు మర్చిన. నిన్న కింద పండి పని జేసినవ్ గద, భుజం తగిలి ఉంటది. స్టీరింగ్ పైపు ఎనుక చెయ్యి వెట్టి సూడు." ఇంత చెప్పి కాళ్లు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

నేను సీట్లో కూర్చుని చెయ్యి పెట్టాను. ఉంది. చిటికెన వేలంత స్విచ్చు, కిందికి పడి ఉంది. దాన్ని పైకి తోస్తే అయిపోతుంది. మన్నెగూడకు ఇరవై నిమిషాలు. టైము సరిపోతుంది.

తొయ్యలేదు.

ఎందుకని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. సాగర్ రోడ్డు మీద కంకర టిప్పర్లు ఎలా వస్తాయో చూశాను, భయం వేసింది అని చెప్పుకోవచ్చు. అది అబద్ధం కాదు కానీ అసలు సంగతి కూడా కాదు. పొద్దున శేరిగూడ దాకా ఆ పావుగంట ఆవిడ నాతో మాట్లాడేది. ల్యాబులో ఏ కంప్యూటర్ చెడింది, ఏ మేడం ఎవరితో పేచీ పెట్టుకుంది, అన్నీ. ఇంట్లో ఆవిడకు పని, నాకు ఫోన్లు. ఆ పావుగంటలోనే మేం మొగుడూ పెళ్లాలం. లైసెన్సు వస్తే ఆ పావుగంట పోతుంది. సాయంత్రం ఆవిడ గేటు దగ్గర నిలబడటం మాత్రం నా లెక్కలోకి రాలేదు. ఎంత స్వార్థమో చూడండి. నా పావుగంట కోసం ఆవిడ గంటను వానలో నిలబెట్టాను.

బానెట్ ఎత్తి ఉండటంతో నాకు ఆవిడ మొహం కనిపించలేదు. పక్క కిటికీలోంచి చూస్తే గేటు అవతల చున్నీ అంచు, ఫైలు పట్టుకున్న చెయ్యి కనిపించాయి. మన్నెగూడ మీదుగా ఎల్బీనగర్ వెళ్లే షేర్ ఆటో వచ్చి ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి కేకేసింది.

"కరెంటు వచ్చిందా?"

"ఇంకా లేదు" అన్నాను.

ఆవిడ ఎక్కింది, ఆటో వెళ్లిపోయింది. ఆ చప్పుడు మలుపు దగ్గర తగ్గిపోయేదాకా విన్నాను. స్విచ్చు పైకి తోసి, ప్లగ్గులు బిగించి తాళం తిప్పాను. అర తిప్పుకే ఇంజన్ అంటుకుంది.

నేను మన్నెగూడ చేరేసరికి ఆవిడ ట్రాక్ మీద ఉంది. అక్కడ కాచుకుని ఉండే డ్రైవింగ్ స్కూలు వాళ్ల కారు ఒకటి మాట్లాడుకుంది. ఎప్పుడూ ముట్టుకోని బండి. ఒక్కసారి కూడా ఆగకుండా, హద్దుగా పాతిన కర్రలకు తగలకుండా వెనక్కి తెచ్చి పెట్టింది. దిగి నన్ను చూసి, పొద్దున్న జరిగిందంతా మర్చిపోయినట్టు నవ్వింది.

"ఏమైంది దానికి?"

"అడుగున స్విచ్చు ఒకటుంది. నువ్వు వెళ్లాక దొరికింది."

"పాపం, మిమ్మల్ని అనవసరంగా అన్నాను" అంది. తిరుగుదారిలో తనే నడిపింది. క్లచ్ తొక్కినప్పుడల్లా నన్ను మెచ్చుకుంది. తేలు కుట్టిన దొంగలా పక్కన కూర్చున్నాను.

సాయంత్రం స్వీట్ల పెట్టె పట్టుకుని ఇద్దరం కిందికి వెళ్లాం. బాబాయ్‌గారు నోట్లో ముక్క వేసుకుని ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు. "మస్తు సంబురమైంది బిడ్డా. గానీ గంత తొందరేంది నీకు? నేను సారుకు స్విచ్చు సంగతి చెప్పి ఇంటెనుకకు పోతుంటె నువ్వు ఇంక గేటు కాడనే ఉంటివి. నేను కాళ్లు కడుక్కొని వచ్చేసరికి ఆటో ఎక్కి పోవట్టినవ్."

ఆవిడ నా వైపు చూడలేదు. "కంగారులో ఎక్కేశాను బాబాయ్‌గారూ" అంది. పెట్టె ఆయన చేతిలో పెట్టి, ఆయన మనవరాలి చదువు గురించి రెండు మాటలు అడిగి, మెట్లెక్కింది. నేను వెనకాలే ఎక్కాను. వంటింటి గుమ్మంలో ఆగి అడిగింది.

"వచ్చిందా అని నేను కేకేసినప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?"

అబద్ధం ఆడదామనుకున్నాను. పొద్దున్నుంచి ఆడి ఆడి విసుగొచ్చింది.

"స్విచ్చు మీద" అన్నాను.

"ఆ చెయ్యి ఆరు నెలల నుంచీ అక్కడే ఉంది లెండి" అని లోపలికి వెళ్లి బియ్యం కడగడం మొదలుపెట్టింది. కాదనడానికి నోరు తెరిచాను. బెజవాడ పార్టీ, అమావాస్య, వానలో కాలేజీ గేటు, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.