మామయ్యగారి బనియన్ జేబు

ఫోనులోనే రైలు టికెట్టు కొనుక్కోవచ్చని కొత్తగా తెలిసిన ఆ రోజుల్లో, నా అంత తెలివైనవాడు జహీరాబాద్ మొత్తంలో లేడని నా గట్టి నమ్మకం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి, న్యాల్‌కల్ దగ్గరి రైతు ఇంటి అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాను. అత్తయ్యగారు వెంటనే కలుపుకున్నారు. మామయ్యగారు మాత్రం నన్ను సంతలో కొత్త ఎద్దును చూసినట్టు చూసేవారు. (ఎద్దయితే కనీసం బేరమాడి తెచ్చుకునేవారు. నేను ఊరికే వచ్చి పడ్డాను.) ఆయన నన్ను ఒక్కసారి ‘మావాడు’ అనుకుంటే చాలని నా ఆశ.

అందుకే ఓ ఆదివారం అందరికీ బీదర్ కోట చూపిస్తానన్నాను. కారు మాట్లాడదామన్న నా భార్యను వారించి, రైలైతే ఎంత మిగులుతుందో, ఫోనులో ముందుగా డబ్బు వేసుకుంటే రైల్వేవాళ్లు దానికి ఇంకాస్త ఎలా కలుపుతారో మామయ్యగారికి పూటంతా వివరించాను. ఆయన అంతా విని, “ఊకెనే పైసలెందుకిస్తరు? దీంట్ల ఏదో ఉన్నది” అన్నారు.

జొన్నరొట్టెల సంచీతో నలుగురం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక, దర్జాగా ఫోను తీశాను. టికెట్టు రాలేదు. పట్టాల దగ్గరుంటే ఇవ్వదట, దూరంగా వెళ్లి కొనుక్కోవాలట. (టీసీని చూశాక కొనే మహానుభావుల కోసం పెట్టిన నియమం. ఇంటి దగ్గరే కొనాల్సింది. మామయ్యగారి కళ్లముందు కొని చూపించాలన్న సరదా నాది.) బయటికెళ్లి కొనుక్కొస్తానన్నాను.

“టికెట్ కొనాల్నంటె స్టేషన్‌కు వొస్తరు గాని, స్టేషన్ ఇడిసి పోతరా?” అన్నారాయన.

“బాపూ, జర ఊకో. ఆయనకు తెలుసు” అంది నా భార్య, తనకూ నమ్మకం లేని గొంతుతో.

గేటు దాటి, ఆటోల మధ్య నుంచి టీ బండి దాకా ఫోను పైకెత్తి పట్టుకుని నడిచాను. వెనక్కి తిరిగితే మామయ్యగారు గేటు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. పారిపోతాననుకున్నారేమో! ఎలాగో టికెట్టు వచ్చింది. పరుగున తిరిగొస్తే ఆయన లేరు. కాసేపటికి ఎటునుంచో వచ్చి అత్తయ్యగారి చెవిలో ఏదో చెప్పారు. ఆవిడ నావైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇక అనుమానించడం నా వంతైంది. రైలెక్కాక కూడా ఆయన మాటిమాటికీ బనియన్ జేబు తడుముకోవడం, నేను చూడగానే చెయ్యి తీసెయ్యడం. అల్లుడి పక్కన కూర్చుని జేబు కాపాడుకుంటున్నారని నాకు ఒళ్లు మండింది.

అంతలో టీసీ వచ్చాడు. ఫోను చూపించాను. అతను తలూపి కదలబోతుంటే, “ఆగున్రి సాబ్, అది గాదు, ఇది సూడున్రి” అంటూ మామయ్యగారు బనియన్ జేబులోంచి మడతపెట్టిన కాగితం టికెట్టు తీశారు.

టీసీ విప్పి చదివి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, “దీంట్ల గూడ నలుగురే ఉన్నరు. ఒకటే బండ్ల రెండు సార్లు పోతరా పెద్దాయనా?” అన్నాడు. పెట్టె అంతా నవ్వింది.

“ఫోన్ల చార్జింగ్ అయిపోతె టికెట్ యాడికెల్లి వొస్తది సాబ్? అందరిముంగట ఇజ్జత్ పోదా?” అన్నారు మామయ్యగారు, ఏమాత్రం తొణక్కుండా.

ఖర్చు తగ్గిస్తానని పూటంతా ఉపన్యాసమిచ్చినవాడి మొహం ఎలా ఉందో మీరే ఊహించుకోండి. కోటలో ఆ రోజంతా అందరికీ పది అడుగుల దూరంలో నడిచాను. ఆయనకు నేనెప్పటికీ పరాయివాణ్ణేనని తేల్చేసుకున్నాను.

ఆ రోజు నా భార్య తీసిన ఫోటో ఒకటి ఇంకా ఉంది. మామయ్యగారు నా భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నారు. నేను మూతి ముడుచుకుని ఎటో చూస్తున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఫోటో చూసినప్పుడల్లా అందులోని కుర్రాడికి ఓ మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. ఓరి పిచ్చి మొహమా, ఆయన నమ్మనిది నీ ఫోనునిరా. నీక్కూడా టికెట్టు కొన్నారు, చూసుకోలేదూ!