రెండో షీట్

తప్పులు పట్టడం నా ఉద్యోగం. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే నాకు జీతం ఇచ్చేది దానికే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాం నా ముందుకు వస్తే, అందులో ఏది పనిచేయడం లేదో వెతికి ఎక్సెల్ షీట్‌లో రాస్తాను. ఏం జరగాలో ఒక గడిలో, ఏం జరిగిందో పక్క గడిలో, అది ఎంత పెద్ద తప్పో ఆ పక్క గడిలో. బాగా పనిచేసేవాటి గురించి ఎవరూ రాయమనరు, నేనూ రాయను. పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నానేమో, మనిషి ముఖంలో ముక్కు కంటే ముందు మొటిమ కనిపిస్తుంది నాకు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోకి వచ్చేనాటికి మేము అమెరికాలో, జెర్సీ సిటీలో పద్దెనిమిదో అంతస్తులో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పిల్లలు హైస్కూల్‌కి, అంటే ఇక్కడ తొమ్మిదో తరగతికి, వచ్చేలోపు సబర్బ్‌కి మారిపోవడం మా తెలుగువాళ్ళలో పుట్టువెంట్రుకలంత తప్పనిసరి. ఇల్లు కొంటున్నాం అంటారు గానీ నిజానికి కొనేది హైస్కూల్‌ని. వంటగది ఇరుకా, బేస్‌మెంట్‌లోకి నీళ్ళు వస్తాయా, అవన్నీ తర్వాతి సంగతి. ముందు ఆ అడ్రస్ ఏ స్కూల్ కిందికి వస్తుందో చూడాలి. నాకున్నది ఒక్కతే కూతురు. తప్పు స్కూల్‌లో వేస్తే పిల్ల చేజారిపోతుందని నా భయం. ఆ భయంతో నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఎదుటివాళ్ళ మీద ఊరికే కోపం వచ్చేది.

షీట్ మొదలుపెట్టాను. ఆరు ఊళ్ళు, ఆరు స్కూళ్ళు. స్కూళ్ళకి మార్కులు వేసే వెబ్‌సైట్‌లో పదికి ఎన్ని ఇచ్చారు, లెక్కల్లో ఎలా ఉన్నారు, కష్టమైన కోర్సులు ఎన్ని, మనవాళ్ళ పిల్లలు ఎంతమంది, అన్నీ నింపాను. అంతటితో ఆగానా? సెలవు పెట్టి, మా ఆయన చేత కూడా పెట్టించి, స్కూల్ వదిలే టైముకి ఒక్కో స్కూల్ ఎదురుగా కారు ఆపించి, బయటికొచ్చే పిల్లల్ని చూసేదాన్ని. నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వస్తే ఆ స్కూల్‌కి మార్కులు తగ్గించాను. తల వంచుకుని, బ్యాగు బరువుకి ముందుకు వంగి, సరాసరి వచ్చి కార్లెక్కితే పెంచాను. మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, పిల్లలన్నాక నవ్వరా అని గొణిగాడు. నవ్వేవాళ్ళు వేరే ఊళ్ళో చాలామంది ఉన్నారు, అక్కడికెళ్ళి చూసుకోండి అన్నాను.

చివరికి రెండు మిగిలాయి. ఒకదానికి వెబ్‌సైట్‌లో పదికి పది. ఇంకోదానికి ఏడు.

పది వచ్చిన ఊళ్ళో నా పాత స్నేహితురాలి కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి ఆ స్కూల్‌లోనే పదకొండో తరగతి. ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాం. పప్పు అన్నంలో కలుపుకుంటూనే ఆ పిల్లని ఇంటర్వ్యూ చేశాను. ఎన్ని గంటలు చదువుతావు, క్లాసులో మనవాళ్ళు ఎంతమంది, నీ ర్యాంకు ఎంత. పిల్ల నీరసంగా ఉంది, కళ్ళ కింద నలుపు. అడిగినవాటికల్లా మర్యాదగా జవాబు చెప్పి చివరికి అంది:

“అక్కడ అందరూ స్మార్ట్, ఆంటీ. లంచ్‌లో కూడా ఎవరూ మాట్లాడరు. చదువుకుంటారు.”

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. ఆ పిల్ల ఎందుకలా చెప్పిందో పధ్నాలుగేళ్ళ మా అమ్మాయికి అర్థమైంది. నలభై దాటిన నాకు కాలేదు. కారెక్కుతూనే ఫోన్‌లో షీట్ తెరిచి, ‘చదువు వాతావరణం’ గడిలో పదికి పది వేశాను.

ఏడు వచ్చిన స్కూల్‌ని మరుసటి వారం చూశాం. కొత్తగా చేరాలనుకునేవాళ్ళకి ఆ రోజు తలుపులు తెరిచిపెట్టారు. నేను కాలేజీ సలహాలిచ్చే కౌన్సిలర్ దగ్గర కూర్చుని పిల్లలు ఏ కాలేజీలకి వెళ్ళారో ఆరా తీస్తుంటే, మా అమ్మాయి వాళ్ళ నాన్నతో కలిసి ఆర్ట్ గది వైపు వెళ్ళింది. అక్కడి టీచరు మా పిల్లని కుమ్మరి చక్రం ముందు కూర్చోబెట్టి, చేతికి మట్టిముద్ద ఇచ్చిందట. నేను వెళ్ళేసరికి మోచేతులదాకా మట్టి, ముక్కు మీద మట్టి, ముందర వంకరగా ఏదో గిన్నె. దాన్ని కాల్చి ఉంచుతాను, సెప్టెంబర్‌లో వచ్చి తీసుకో అందట టీచరు. దారంతా పిల్ల నోరు మూయలేదు. చక్రం ఎలా తిరుగుతుందో, బొటనవేలు ఎక్కడ పెట్టాలో, మట్టి ఎంత చల్లగా ఉంటుందో. ఆ తర్వాత నా సీటు పట్టుకుని ముందుకు వంగి అడిగింది:

“అమ్మా, ప్లీజ్. నేను అక్కడ వెళ్తాను.”

“అక్కడికి వెళ్తాను అనాలి,” అన్నాను. “అయినా మట్టి పిసకడానికి అమెరికా దాకా రావాలా?”

మా ఆయన అద్దంలో పిల్లని చూశాడు. ఆ తర్వాత ఇంటికి చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. చదువు వాతావరణం నేనే తెచ్చేశాను.

ఆ వారమే రెండో షీట్ తయారైంది. అదే ఫైల్‌లో, స్కూళ్ళ పట్టిక పక్కన. స్కూళ్ళని పరీక్షించాను సరే, అందులో వేయబోయే సరుకు సంగతేమిటి అనిపించింది. ఆ మాట అచ్చంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు కప్పిపుచ్చి లాభం లేదు. ఆఫీసు ఫార్మాట్‌లోనే రాశాను. పిల్లలో ఉన్న తప్పు, ఎలా ఉండాలి (ఆఫీసు భాషలో ‘ఎక్స్‌పెక్టెడ్’), ఎలా ఉంది, తీవ్రత, స్టేటస్. మొత్తం ఏడు రాశాను. త్వరగా ఏడుస్తుంది: తిడితే వినాలి, వినకముందే కళ్ళనీళ్ళు. వాగుడు: స్కూల్ నుంచి వచ్చాక నేరుగా పుస్తకం తీయాలి, వంటగదిలో నా వెనకాల తిరుగుతూ గంటసేపు కబుర్లు చెబుతుంది. లెక్క రాకపోతే సొంతంగా తేల్చుకోవాలి, వెంటనే నాన్నా అని అరుస్తుంది. స్నేహితులకి అడగ్గానే నోట్స్ ఇచ్చేస్తుంది. మట్టి, రంగులు, కాగితాల మీద టైము తగలేస్తుంది. తోటివాళ్ళకి మార్కులు ఎక్కువ వస్తే కుళ్ళుకోదు, సంతోషిస్తుంది. ఏడోది, తీవ్రత అన్నిటికంటే ఎక్కువ: ఇల్లు వదిలి ఉండలేదు. అంతకుముందు వేసవిలో క్యాంప్‌కి పంపితే రెండో రోజే అమ్మ కావాలని ఫోన్‌లో ఏడ్చింది. వాళ్ళ నాన్న మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి తీసుకొచ్చాడు. అన్నిటికీ స్టేటస్ ‘ఓపెన్’ అని పెట్టాను.

పది స్కూల్ ఊళ్ళో ఇల్లు ఖాయమయ్యాక, ఎందుకు ఆ నిర్ణయం తీసుకున్నామో పిల్లకి తెలియాలని ఫైల్ లింకు మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. డేటా చూసి నిర్ణయం తీసుకోవడం ఎలాగో నేర్చుకుంటుందని. రెండో షీట్ కూడా అందులోనే ఉందన్న సంగతి గుర్తులేదు. ఇంకొకరి పనిలో అయితే ఆ తప్పు క్షణంలో పట్టేదాన్ని.

మా ఆయన చూసి బెడ్‌రూంలోకి వచ్చి తలుపు వేశాడు. పెళ్ళయ్యాక ఆయన నా మీద గొంతు పెంచింది అదొక్కసారే. కన్నకూతురి గురించి ఇలా ఎలా రాశావని అడిగాడు. రెండో షీట్ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కానీ తప్పు ఒప్పుకోవడం నాకు ఎప్పుడూ చేతకాదు. చూస్తే చూడనివ్వండి, బయటివాళ్ళు చెప్పేకన్నా తల్లి చెప్పడం నయం అన్నాను.

సాయంత్రం పిల్ల లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఏడవలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అమ్మా, ‘ఎక్స్‌పెక్టెడ్’ అని రాశావు కదా. ఎవరు ఎక్స్‌పెక్ట్ చేశారు?”

“నేను. ఇంకెవరు చేస్తారు?”

స్టేటస్ గడి మీద వేలు పెట్టి, ‘ఓపెన్’ అంటే ఏమిటని అడిగింది. తల్లి పని గురించి కూతురు అడిగితే ఎవరికి సరదా ఉండదు? హుషారుగా చెప్పాను. తప్పు సరిచేసినవాళ్ళు దాని పక్కన ‘ఫిక్స్‌డ్’ అని పెడతారు. కానీ వాళ్ళకి మూసేసే అధికారం లేదు. టెస్టర్ మళ్ళీ పరీక్షించి, నిజంగా పోయిందని తేలితేనే ‘క్లోజ్‌డ్’ అని పెడుతుంది. పోకపోతే ‘రీఓపెన్’ చేసి తిప్పి పంపుతుంది. నువ్వు ఫిక్స్ చేసుకో తల్లీ, నేను టెస్ట్ చేసి క్లోజ్ చేస్తాను అని నవ్వాను కూడా. పిల్ల నవ్వలేదు. సరే అంది.

మారిపోయాం. గిన్నె తెచ్చుకోవడానికి ఏడు స్కూల్‌కి వెళ్దామని మా ఆయన రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ నాకు తీరలేదు. మూడోసారి ఆయన అడగలేదు, పిల్ల అసలు ఒక్కసారీ అడగలేదు.

ఆ నాలుగేళ్ళు నా జీవితంలో నేను అందరికంటే ఎక్కువ గొప్పలు చెప్పుకున్న రోజులు. మొదటి ఏడాదిలోనే పిల్ల మారిపోయింది. స్కూల్ నుంచి రాగానే గదిలోకి వెళ్ళేది. తిడితే కళ్ళెత్తకుండా విని, ఓకే అనేది. లెక్కలు వాళ్ళ నాన్నని అడగడం మానేసింది. తొమ్మిదో తరగతి చివర్లో ఒక పిల్ల నోట్స్ కోసం ఇంటికొస్తే, గుమ్మంలోనే నిలబెట్టి లేవని చెప్పి పంపేయడం నా కళ్ళతో చూశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నా ప్లేటులో గారె తీసి దాని ప్లేటులో వేశాను. పార్టీల్లో ఎవరైనా కొత్తవాళ్ళు స్కూళ్ళ గురించి అడిగితే, పది స్కూల్ పిల్లల్ని గట్టిగా తయారుచేస్తుందని మా అమ్మాయిని చూపించేదాన్ని. మా ఆయన లేచి పక్క గదిలోకి వెళ్ళేవాడు. ఆయనకి సంతోషం బయటపెట్టడం రాదనుకున్నాను.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో కాలేజీ ఎంచుకుంది. దగ్గర్లోనే మంచివి రెండు వచ్చాయి కదా అంటే, డేటా చూసి డిసైడ్ చేశాను అంది. హాస్టల్‌లో దింపిన రోజు పెట్టెలు సర్దడం అవ్వకముందే, మీకు ఫ్లైట్ టైమవుతుందేమో అని గుర్తుచేసింది. నేను ఏడుస్తుంటే టిష్యూ పెట్టె తెచ్చి ఇచ్చింది. నా భుజం మీద రెండుసార్లు తట్టింది.

మొన్న ఆఫీసులో మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి, తెలుగమ్మాయే, ‘అక్కా, సబర్బ్‌కి మారుదామనుకుంటున్నాం, స్కూళ్ళ గురించి మీకు బాగా తెలుసంట’ అని వచ్చింది. మధ్యాహ్నం లంచ్‌రూంలో కూర్చుని ఆ పాత ఫైల్ తెరిచాను. పంపే ముందు రెండో షీట్ తీసేయాలని ఈసారి గుర్తుంది. అందుకే దాన్ని నొక్కాను.

స్టేటస్ గడులు నేను పెట్టినట్టు లేవు. ఏడింటికీ ‘ఫిక్స్‌డ్’ అని ఉంది. పక్కన కొత్తగా ఒక గడి. సరిచేసినవాళ్ళు ఏం చేశారో టెస్టర్ కోసం రాసే గడి అది. మా అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, నేను తెలుగులో చెబుతున్నాను. త్వరగా ఏడుస్తుంది: ‘ఫిక్స్‌డ్. తొమ్మిదో తరగతి, అక్టోబర్. ఎవరి ముందూ లేదు.’ వాగుడు: ‘ఫిక్స్‌డ్. అదే నెల.’ నోట్స్ ఇచ్చేస్తుంది: ‘ఫిక్స్‌డ్. ఆ ఫ్రెండ్ ఇంక నాతో మాట్లాడదు. నువ్వు గారె ఇచ్చావు.’ మట్టి, రంగులు: ‘ఫిక్స్‌డ్. గిన్నె పారేసి ఉంటారు.’ ఇంటి గురించి రాసినదాని పక్కన ఉన్నది ఒక్క మాటే. ‘ఫిక్స్‌డ్.’ దాని ఎదురుగా ఉన్న తేదీ మేము హాస్టల్‌లో దింపి వచ్చిన రోజుది.

తిట్టినా బాగుండేది. పిల్ల నన్ను తిట్టలేదు. నాలుగేళ్ళు నేను చెప్పిన పని నేను చెప్పిన పద్ధతిలో చేసి, పరీక్షించమని పెట్టి వెళ్ళింది. నేను ఆ షీట్ మళ్ళీ తెరవనైనా లేదు.

అక్కడినుంచే ఫోన్ చేశాను. రెండో రింగుకి ఎత్తింది.

“అమ్మలూ, ఇంటి మీద బెంగగా లేదా?”

“లేదమ్మా. బానే ఉన్నాను.” కొంచెం ఆగింది. “షీట్ చూశావా?”

“చూశాను.”

“ఓకే. అయితే క్లోజ్ చేసెయ్ అమ్మా. అన్నీ వర్క్ అవుతున్నాయి.”

క్లాసుకి టైమైందని ఫోన్ పెట్టేసింది. గొంతులో కోపం లేదు. ఎక్కడైనా వణికిందేమోనని ఆ నాలుగు మాటలూ మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పి విన్నాను. వణకలేదు. రీఓపెన్ చేయాలంటే పాత తప్పు మళ్ళీ కనిపించినట్టు ఆధారం చూపించాలి, అది మా పనిలో నియమం. పదిహేనేళ్ళ పైబడిన ఉద్యోగంలో ఒక తప్పు మళ్ళీ కనిపించాలని దేవుడికి మొక్కుకున్నది ఇదే మొదటిసారి.

మొదటి ఆరు తప్పులకీ క్లోజ్‌డ్ అని పెట్టాను. ఏడోదాన్ని ఇంకా పెట్టలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, బెంగగా ఉందా అని అడిగి పరీక్షిస్తున్నాను. ప్రతిసారీ పాసవుతోంది.